తెప్పకు నాలుగు లీటర్లు: తమిళనాడు తీరాన మండపం అనే ఊళ్లో రెండు రోజుల నాచు శిక్షణ

మా మేనల్లుడి ఫోనుకు ఒక కరపత్రం వచ్చింది. నీలి సముద్రం మీద తేలుతున్న పెట్రోలు పంపు, దాని గొట్టం చివర ఆకుపచ్చటి చుక్క. "కడలి నుంచి ఇంధనం. సముద్రపు నాచు సాగులో రెండు రోజుల ప్రత్యక్ష శిక్షణ. మండపం, రామనాథపురం జిల్లా. బస, భోజనంతో కలిపి మనిషికి 4,200 రూపాయలు." వాడు దాన్ని నా ముందు పెట్టి, "మావయ్యా, మీరు జీవితమంతా సారా కాచినవారే కదా, ఇందులో నిజమెంతో మీరే చెప్పాలి" అన్నాడు.

నేను సారా కాచలేదు. చక్కెర మిల్లుకు అనుబంధంగా ఉన్న డిస్టిలరీలో 29 ఏళ్లు షిఫ్ట్ కెమిస్టుగా పనిచేశాను. చెరకు మడ్డిని నీళ్లలో పలచన చేసి, ఈస్టు వేసి పులియబెట్టి, కాలమ్‌లో మరిగించి ఆల్కహాలు తీయడం నా ఉద్యోగం. ఈ తేడా మా ఇంట్లో ఎవరికీ ఇప్పటికీ పట్టదు. మేనల్లుడికి రేపల్లె అవతల రొయ్యల చెరువులున్నాయి. తెల్లమచ్చ తెగులుతో రెండు పంటలు పోయాక వాడి చూపు చెరువు గట్టు దాటి సముద్రం మీద పడింది. వద్దంటే ఆగే రకం కాదు. ఒక్కడే వెళ్తే ఎక్కడో సంతకాలు పెట్టి వస్తాడని మా అక్క భయం. అలా ఫిబ్రవరిలో ఇద్దరం బయలుదేరాం. ఫీజు, రైలు టిక్కెట్లు వాడివి. ఈ అభిప్రాయం మాత్రం నాది.

శిక్షణ ఇచ్చిన సంస్థ పేరు రాయను. నడిపేది నలుగురు కుర్రవాళ్లు. మోసగాళ్లు కారు. పని వచ్చినవాళ్లే, కానీ తమకు వచ్చిన పనిని వదిలేసి రాని పని పేరు బోర్డు మీద రాసుకున్నారు. నా సమీక్ష మొత్తం ఆ బోర్డుకూ ఆ పనికీ మధ్య ఉన్న దూరం గురించే.

ముందు బస సంగతి. చెన్నై నుంచి రాత్రి రైలెక్కితే తెల్లవారేసరికి మండపం. 2025 ఏప్రిల్‌లో మొదలైన కొత్త పాంబన్ వంతెన దాటితే రామేశ్వరం. మేము వంతెనకు ఇవతలే దిగిపోయాం. గది శుభ్రంగా ఉంది. మంచినీళ్లు కొంచెం ఉప్పగా ఉన్నాయి, సీసా కొనుక్కోవాల్సి వచ్చింది. భోజనానికి వంక పెట్టలేను: చేపల పులుసు, మిరియాల రసం, చివర కడల్‌పాసి జెల్లీ (సముద్రపు నాచును తమిళంలో పాసి అంటారు). పాలు, చక్కెర, ఏలకులతో ముక్కలు కోసి పెట్టే ఆ జెల్లీని ఆ ప్రాంతంలో రంజాన్ ఉపవాస విందుల్లో కూడా చేసుకుంటారట. మన ఇళ్లలో చైనా గ్రాస్ అంటామే, అదీ నాచు సరుకే. ఇంధనం గురించి వినడానికి వెళ్లి మొదట తిన్నది ఇది. నాచు కథలో వరస అదేనని మర్నాటికి అర్థమైంది.

మొదటి రోజు ఉదయం తరగతి. ఇరవై రెండు మంది ఉన్నాం. పాఠం తమిళంలో, తెర మీద రాతలు ఇంగ్లిషులో. మత్స్యశాస్త్రం చదువుతున్న ఒక అమ్మాయి పక్కన కూర్చొని మా ఇద్దరికీ తెలుగులో చెప్పింది. ఆమె లేకపోతే సగం పోయేది. తెలుగువారి దగ్గరా డబ్బు తీసుకుంటున్నప్పుడు ఈ ఏర్పాటు అదృష్టానికి వదలకూడదు.

తెర మీద మొదటి మాట: "భూమి అక్కర్లేదు, మంచినీరు అక్కర్లేదు, ఎరువు అక్కర్లేదు." మొదటి రెండూ ఒప్పుకుంటాను. మొక్కజొన్న నుంచి, విరిగిన బియ్యం నుంచి ఇథనాల్, అంటే పెట్రోలులో కలిపే ఆల్కహాలు, తీస్తున్న దేశంలో ఆ రెండు మాటలకు చాలా విలువ ఉంది. ఒడ్డున నాలుగు ఎకరాల కోసం అన్నదమ్ములు కోర్టులకెక్కుతుంటే సముద్రం ఖాళీగా ఉందంటే ఎవరికైనా ఆశ పుడుతుంది. మూడో మాట దగ్గర ఆగాలి. ఒడ్డుకు దగ్గరగా ఉన్న నీటిలో నేల నుంచి కొట్టుకొచ్చిన పోషకాలుంటాయి. దూరంగా నడిసముద్రంలోకి వెళ్తే పైనీళ్లు అద్దంలా ఉంటాయి, అంటే ఆకలి నీళ్లన్నమాట. నత్రజని అంతా చలిగా, చీకటిగా ఉన్న లోతుల్లో ఉంటుంది. ఎండ పైన, తిండి కింద. ఇంధనం కోసం లక్షల ఎకరాల్లో సాగు చేయాలంటే ఈ రెంటినీ కలపాలి.

ఆ సంగతి తెలియనట్టే తర్వాతి బొమ్మలో కాలిఫోర్నియా తీరాన పెంచిన కెల్ప్ అనే భారీ నాచు తోట చూపించారు. "అమెరికా యాభై ఏళ్ల కిందే చేసింది" అని గర్వంగా చెప్పారు. చేసింది, నిజమే. నౌకాదళ పరిశోధన కేంద్రంలో పనిచేసిన హోవర్డ్ విల్‌కాక్స్ అనే శాస్త్రవేత్త, చమురు ధరలు మండిపోయిన 1970లలో, సముద్రంలో వేల ఎకరాల కెల్ప్ పెంచి దాని నుంచి వంటగ్యాసు లాంటి మీథేన్ తీయాలని బయలుదేరాడు. ప్రభుత్వమూ గ్యాసు కంపెనీలూ డబ్బు పెట్టాయి. 1978లో పావు ఎకరం నమూనా తోటను ఒడ్డుకు దూరంగా దించారు. లోతుల్లోని చల్లటి నీళ్లను పంపుతో పైకి తోడి మొక్కలకు అందించాలన్నది ఆలోచన. నాటిన కెల్ప్ ఆ చలికాలం అలల తాకిడికి తాళ్లకు రాసుకొని తెగిపోయింది. 1980లలో చమురు చవకైంది, డబ్బు ఆగిపోయింది. బొమ్మ చూపించినవారు ఈ రెండో సగం చెప్పలేదు. నేను లేచి అడిగితే, "సార్, అవి పాత రోజులు" అన్నాడు కుర్రవాడు.

పాత రోజులే, ఒప్పుకుంటాను. అదే తీరంలో కాటలీనా దీవి దగ్గర ఈమధ్య ఇంకో పద్ధతి ప్రయత్నించారు. నీళ్లను పైకి తోడటం మాని, కెల్ప్‌నే పగలు ఎండకు పైకి లేపి, రాత్రి 80 మీటర్ల లోతుకు దించి మేపారు. ఎద్దుల్ని మేతకు తోలుకెళ్లి సాయంత్రం కొట్టానికి తెచ్చినట్టు. మామూలుగా పెరిగిన దానికంటే సుమారు నాలుగు రెట్ల బరువు వచ్చిందని 2021లో ప్రకటించారు. చాలా తెలివైన పని. ఆ పరిశోధనకు డబ్బిచ్చిన అమెరికా ఇంధన శాఖ పథకం 2017లో మొదలైంది. ఇవన్నీ తరగతిలో చెప్పి ఉంటే వినేవారికి పిచ్చి ఆశ తగ్గి, మంచి ఆశ పెరిగేది.

మధ్యాహ్నం తీరానికి తీసుకెళ్లారు. ఇక్కడి నుంచి ఈ శిక్షణకు మార్కులు పెరుగుతాయి.

మండపానికి ఉత్తరాన పాక్ అఖాతం, దక్షిణాన మన్నార్ సింధుశాఖ. ఉత్తరం వైపు నీళ్లు చెరువులా ఉన్నాయి. రామేశ్వరం దీవి, అవతల శ్రీలంక అడ్డుగా ఉండటంతో ఆ రుతువులో అలలు ఒడ్డును తట్టి లేపుతున్నట్టు వస్తాయి, కొట్టవు. ఒడ్డు నుంచి మూడు వందల మీటర్ల లోపే వరుసలుగా వెదురు తెప్పలు. "కడలి" అని కరపత్రంలో రాసింది ఇంత దూరమే. కానీ ఈ పంట నిజంగా బతికేది ఇక్కడే, ఈ నడుములోతు నీళ్లలోనే.

తెప్ప కట్టడం చాలా బాగా నేర్పించారు. మూడు మీటర్ల వెదురు బొంగులు నాలుగు, చదరంగా. మూలల్లో అడ్డంగా ఊతకర్రలు. ఒక్కో తెప్పకు ఇరవై తాళ్లు, ఒక్కో తాడుకు ఇరవై నాచు రెమ్మలు, రెమ్మ 150 గ్రాములు. అంటే తెప్పకు 60 కిలోల నాటు. కింద వల కడతారు, లేకపోతే చేపలు గొర్రెల్లా మేసేస్తాయి. లంగరు వేసి, పది తెప్పల్ని ఒక దండలా కలుపుతారు. 45 రోజులకు 60 కిలోలు నాలుగైదు రెట్లవుతుంది. అందులో 60 కిలోలు మళ్లీ నాటుకు తీసి, మిగిలింది ఒడ్డున ఆరబోస్తారు. మా మేనల్లుడు తాడు ముడి మూడోసారికి సరిగ్గా వేశాడు. నాకు చివరిదాకా రాలేదు. నేర్పిన మత్స్యకార మహిళ నా చేతిలోంచి తాడు తీసుకొని, ఏమీ అనకుండా, తనే వేసేసింది.

వాళ్లు పెంచేది కప్పాఫైకస్. ఫిలిప్పీన్స్ మూలానికి చెందిన ఎర్ర నాచు జాతి. చూడటానికి మాత్రం గోధుమ, ఆకుపచ్చ రంగుల్లో, పచ్చి అల్లంకొమ్ముల్లా గట్టిగా ఉంటుంది. భావ్‌నగర్‌లోని కేంద్ర ఉప్పు, సముద్ర రసాయన పరిశోధన సంస్థ 1980లలో దీన్ని మన దేశానికి తెచ్చి, మండపంలోని తన కేంద్రంలో అలవాటు చేసింది. ఆ తర్వాత శీతల పానీయాల కంపెనీ పెప్సికో ఒప్పందపు సాగు మొదలుపెట్టింది. 2008 నుంచి ఆక్వాగ్రి అనే సంస్థ చేపట్టింది. దీనిలోని క్యారజీనన్ అనే జిగురు కోసమే ఇదంతా. ఐస్‌క్రీములో మంచు పలుకులు కట్టకుండా, టూత్‌పేస్టు జారిపోకుండా పట్టి ఉంచేది అదే.

మాకు తెప్పలు చూపించిన మహిళల బృందంలో ఒక్కొక్కరికి 45 తెప్పలున్నాయి. 45 రోజుల పంట కాబట్టి రోజుకు ఒక తెప్ప కోత, మళ్లీ నాటు. లెక్క ఎంత అందంగా ఉందో చూడండి. ఎవరు ఆలోచించారో గాని, నేను చూసిన ఏ ఫ్యాక్టరీ షిఫ్టు పట్టిక కంటే బాగుంది. వేళ్లకు గుడ్డపీలికలు చుట్టుకొని, చీర మీద మగవాళ్ల చొక్కా తొడుక్కొని, నడుములోతు నీళ్లలో ఉదయం ఏడింటి నుంచి ఉంటారు.

రెండో రోజు మమ్మల్ని ఇంజను పడవలో కాస్త దూరపు తెప్పల దగ్గరికి తీసుకెళ్లారు. అప్పుడు ఆ మహిళల్లో పెద్దామె, అరవై దాటి ఉంటాయి, నన్ను ఒక ప్రశ్న అడిగింది. అమ్మాయి నవ్వుతూ తెలుగులో చెప్పింది: "ఈ పడవకు పోసే నూనె కోసం ఎంత పాసి కావాలి అని అడుగుతున్నారు సార్. మీరు ఇంజనీరని ఎవరో చెప్పారట."

రెండు రోజుల్లో ఎవరూ వేయని ప్రశ్న అది. పడవలోనే నోటు పుస్తకం తీశాను.

తెప్ప నుంచి నాటు పోగా 200 కిలోల పచ్చి నాచు. అందులో పదింట తొమ్మిది వంతులు నీళ్లే. ఆరితే 20 కిలోలు. ఆ ఎండు నాచులో ఈస్టు తినగల చక్కెర 30 శాతం వస్తుందని అనుకుందాం. ప్రయోగశాలలో జాగ్రత్తగా చేస్తే వచ్చేది ఆ దరిదాపుల్లోనే, నేను ఉదారంగానే వేస్తున్నాను. ఆరు కిలోల చక్కెర. చక్కెర బరువులో సగానికి ఒక్క శాతం ఎక్కువ ఆల్కహాలవుతుంది, అంతకు మించి భగవంతుడు కూడా తీయలేడు. మూడు కిలోల చిల్లర. లీటర్లలోకి మారిస్తే నాలుగుకు కాస్త తక్కువ. ఆ నాలుగు లీటర్ల ఆల్కహాలులో ఉన్న శక్తి రెండున్నర లీటర్ల పెట్రోలుకు సమానం.

"ఒక తెప్పకు నాలుగు లీటర్లు" అని చెప్పాను. ఆమె పడవ నడిపేవాడి వైపు తిరిగి ఏదో అంది. అందరూ నవ్వారు. "పడవను ఒడ్డున కట్టేసి పాసే అమ్ముకుందాం అంటున్నారు" అని అమ్మాయి చెప్పింది.

అమ్ముకోవడమే సరైన పని. ఎండు నాచు కిలోకు 70 రూపాయల దగ్గర వస్తోందని ఆమె చెప్పింది. అంటే ఆ తెప్ప ఆమెకు 1,400 రూపాయలు. అదే తెప్పను నేను ఇథనాల్ చేసి చమురు కంపెనీకి ఇస్తే? చక్కెర ఇక రాని చివరి మడ్డి నుంచి తీసిన ఇథనాల్‌కు 2025లో కేంద్రం నిర్ణయించిన ధర లీటరుకు 57 రూపాయల 97 పైసలు. నాలుగు లీటర్లకు 232 రూపాయలు. ఇందులోంచే యాసిడ్, ఆవిరి, ఈస్టు, నా జీతం రావాలి. 1,400 రూపాయల సరుకు పెట్టి 232 రూపాయల సరుకు చేసే డిస్టిలరీకి తాళం వేయడానికి ఆడిటరు కూడా అక్కర్లేదు.

డబ్బు సంగతి పక్కన పెట్టి, పులియబెట్టేవాడిగా చూసినా ఈ నాచు మొండి సరుకు. చెరకు మడ్డిలో చక్కెర సిద్ధంగా ఉంటుంది; నీళ్లు కలిపి ఈస్టు వేస్తే సాయంత్రానికి తొట్టి నురుగులు కక్కుతుంది. నాచులో చక్కెర జిగురులో బిగుసుకొని ఉంటుంది. దాన్ని విడగొట్టడానికి పలచటి గంధకామ్లంతో ఉడకబెట్టాలి. భావ్‌నగర్ శాస్త్రవేత్తలు ఇదే నాచుతో ఇథనాల్ తీసి చూపించారు, 2012 ప్రాంతంలో వారి ఫలితాలు అచ్చయ్యాయి. అది గొప్ప పనే. కాని అలా ఉడికించాక వచ్చేది ఎక్కువగా గెలాక్టోజ్ అనే రకం చక్కెర. ఈస్టుకు గ్లూకోజ్ అంటే పెళ్లి భోజనం, గెలాక్టోజ్ అంటే పథ్యం కూడు. తింటుంది గాని నిదానంగా. పైగా ఉప్పు. ఆరబెట్టిన నాచు మీద తెల్లగా పేరుకున్న పొరను నాలుక మీద వేసుకొని చూశాను. ఉప్పు, దాని వెనక చేదు. పొటాషియం ఉప్పులు. ఈస్టుకు అదంటే పడదు.

మా మడ్డి తొట్టిలో ఆల్కహాలు ఎనిమిది, తొమ్మిది శాతం వచ్చేది. నాచు ద్రవం పలచన, అందులో రెండు మూడు శాతం వస్తే గొప్ప. మిగతా 97 పాళ్ల నీళ్లనూ మరిగించాల్సిందే. ఆ ఆవిరి ఎక్కడిది? చెరకుకు పిప్పి ఉంది. రసం తీసేశాక మిగిలిన పిప్పే బాయిలర్‌లోకి వెళ్తుంది; మిల్లుకు కావలసిన ఆవిరి, కరెంటు రెండూ దానితోనే నడిచేవి. చెరకు తన్ను తానే కాచుకొనే పంట. నాచుకు పిప్పి లేదు. అది సముద్రంలో నిలబడటానికి కట్టె అక్కర్లేదు కాబట్టి దేవుడు దానికి కట్టె ఇవ్వలేదు. ఒడ్డున ఎండబెట్టడానికి సూర్యుడు ఉచితమే, కాని వేల టన్నులకు ఎంత ఇసుక తిన్నె కావాలో, మధ్యలో ఒక్క జల్లు పడితే ఏమవుతుందో చెప్పనక్కర్లేదు.

ఆరబెట్టకుండా పచ్చిదాన్నే గోబర్ గ్యాసు తొట్టిలాంటి దానిలో వేసి మీథేన్ తీయవచ్చు కదా అని మేనల్లుడు అడిగాడు. మంచి ప్రశ్న, వాడి మీద నాకు గౌరవం పెరిగింది. ఇంధనం కావాలంటే అదే తక్కువ చెడ్డ దారి. విల్‌కాక్స్ పట్టుకున్నదీ అదే. కాని కప్పాఫైకస్ జిగురు నిండా గంధకమే. తొట్టిలో అది కుళ్లిన కోడిగుడ్డు వాసన వేసే హైడ్రోజన్ సల్ఫైడ్ అవుతుంది. మా డిస్టిలరీలో వ్యర్థ జలాల నుంచి గ్యాసు తీసేవాళ్లం. ఆ వాయువు మూడేళ్లలో ఇనుప గొట్టాల్ని బిస్కెట్లలా కొరికేసింది. ఆ గొట్టాలు మార్చిన వేసవి నాకింకా గుర్తుంది.

సాయంత్రం చివరి తరగతిలో ఈ లెక్కంతా బోర్డు మీద రాయమన్నారు. రాశాను. ఇక్కడ ఆ కుర్రవాళ్లను మెచ్చుకోవాలి: వాదించలేదు, ఫోటో తీసుకున్నారు. వారిలో పెద్దవాడు ఒప్పుకున్నాడు, "ఇంధనం అని రాస్తే సీట్లు నిండుతాయి సార్, నాచు అని రాస్తే ఎవరూ రారు." నిజాయితీగల సమాధానమే, కాని 4,200 రూపాయలు కట్టినవాడు వినవలసిన చోటు అది కాదు.

ఇంధనం కోసం బయలుదేరినవారు చివరికి ఎక్కడికి చేరారో చూస్తే ఆ బోర్డు మార్చడానికి సిగ్గుపడనక్కర్లేదు. ఐఐటీ మద్రాసు కుర్రవాళ్లు 2010లో పెట్టిన సీ6 ఎనర్జీ పేరులోనే శక్తి ఉంది. 2012లో డెన్మార్క్ ఎంజైముల కంపెనీ నోవోజైమ్స్‌తో కలిసి నాచు నుంచి ఇథనాల్ తీసే పనికి ఒప్పందం చేసుకున్నారు. ఇప్పుడు వారి సరుకుల్లో ముందున్నవి పొలానికి చల్లే ద్రవాలు. ఒక పక్క కోస్తూ మరో పక్క నాటుతూ పోయే సముద్రపు యంత్రాన్ని తయారుచేసి, ఇండోనేసియాలో లాంబోక్ దగ్గర చదరపు కిలోమీటరు మేర యాంత్రిక సాగు మొదలుపెట్టారు. నాచు ఖరీదు దిగాలంటే అదే దారి అనుకుంటాను. గుడ్డపీలికలు చుట్టిన వేళ్లతో ఒక్కో రెమ్మ కట్టినంతకాలం అది బంకులోకి రాదు, రాకూడదు కూడా. ఆమె రోజు కూలి నా బండిలో కాలిపోవడం నాకిష్టం లేదు.

తరగతిలో అసలు చెప్పకుండా దాటేసినవి రెండున్నాయి. ఒకటి, ఈ జాతి మన్నార్ సింధుశాఖలోని కురుసడై దీవి దగ్గర పగడపు దిబ్బల మీదికి పాకి వాటిని కప్పేస్తోందని 2008లో శాస్త్రవేత్తలు చెప్పారు. ఆ సింధుశాఖలోని 21 దీవులు జాతీయ సముద్ర ఉద్యానం కిందికి వస్తాయి. అందుకే తమిళనాడులో సాగు ఎక్కడ చేయవచ్చో హద్దులున్నాయి. బయటి జాతిని తెచ్చి నీళ్లలో వేసేవాడికి ఇది మొదటి పాఠంగా చెప్పాలి. రెండు, వేడి. నీళ్లు కాగితే రెమ్మల కొసలు తెల్లబడి, మెత్తబడి ఊడిపోతాయి, ఐస్-ఐస్ అంటారు. 2013 తర్వాత ఆ తీరంలో పంట అలా భారీగా దెబ్బతింది. అమ్మాయి ఈ మాట చెప్పగానే మేనల్లుడి మొహం చూడాలి. "ఇక్కడా తెల్లదేనా మావయ్యా" అన్నాడు.

ఇక మన తీరం. పాక్ అఖాతంలా కాళ్లు చాపుకొని పడుకొనే నీళ్లు మనకు తక్కువ. మనది తిన్నగా గీత గీసినట్టుండే తీరం, అల నేరుగా వచ్చి విరుగుతుంది. వరదల కాలంలో కృష్ణా, గోదావరి మంచినీళ్లు సముద్రంలోకి తోసుకొస్తాయి. ఈ నాచుకు ఉప్పు తగ్గితే చావే. అది దాటేసరికి తుపానుల నెలలు. నిజాంపట్నం దగ్గర వెదురు తెప్ప నవంబరును తట్టుకోవాలంటే ఎంత గట్టి లంగరు కావాలో ఆ రెండు రోజుల్లో ఎవరూ చెప్పలేకపోయారు. జనవరి నుంచి మే వరకు ఒకటి రెండు పంటలు తీయవచ్చేమో, ప్రయత్నించడం తప్పు కాదు. 2020లో మొదలైన ప్రధానమంత్రి మత్స్య సంపద యోజనలో నాచుకు 640 కోట్లు పెట్టారు కాబట్టి రాయితీలూ ఉన్నాయి. కాని రొయ్యల్లో పోగొట్టుకున్నది నాచులో రాబట్టుకుందామని దిగకూడదు. మేనల్లుడు అప్పు ఆలోచన మానుకొని, పది తెప్పలతో చూద్దామంటున్నాడు. మా అక్కకు ఫోనులో ఆ మాటే చెప్పాను.

వచ్చేటప్పుడు వాళ్ల దగ్గరే నాచురసం సీసా ఒకటి కొన్నాను. లీటరు 480 రూపాయలు. ఈ మొత్తం యాత్రలో డబ్బుకు తగ్గ వస్తువు ఇదే. పచ్చి నాచును కోసిన వెంటనే నలిపి రసం పిండుతారు. రసం పొలానికి, మిగిలిన గుజ్జు జిగురు ఫ్యాక్టరీకి. భావ్‌నగర్ సంస్థ కనిపెట్టిన పద్ధతే. నేను పడవలో కూర్చొని తిట్టుకున్న ఆ తొమ్మిది వంతుల నీళ్లే ఈ సీసాలో ఉన్నాయి. పొటాషియం, మొక్కను పెంచే హార్మోన్లు అన్నీ ఆ నీళ్లలోనే. ఇంధనం తీసేవాడికి ఏది శాపమో ఎరువు అమ్మేవాడికి అదే సరుకు. తెనాలిలో ఇంటి వెనక ఉన్న బెండ మడిలో ఆరు వరుసలకు పక్షం రోజులకోసారి చల్లాను, రెండు వరుసలు చల్లకుండా వదిలేశాను. చల్లిన వరుసల్లో ఆకు ముదురు రంగులో ఉంది, పూత నాలుగైదు రోజులు ముందు వచ్చింది. కాయల తూకంలో తేడా నా వంటింటి తక్కెడకు అందేంత లేదు. ఎనిమిది వరుసలతో ఇంతకంటే చెప్పకూడదు. వాసన మాత్రం ఎండుచేపల సంతలా ఉంటుంది. ఇంట్లో వాళ్లకు ముందే చెప్పి మూత తీయండి. సీసా మీద తయారీ తేదీ చెరిగిపోయి ఉంది, అదొక లోపం.

మార్కులంటారా, తెప్ప కట్టడం, నాటడం నేర్పినందుకు ఐదుకు నాలుగున్నర. తరగతికి రెండు. బోర్డుకు సున్నా. మత్స్యకార కుటుంబాల వారు, తీరాన ఉన్న మహిళా సంఘాలు, ఆక్వాలో ఉన్నవారు వెళ్లవచ్చు. బండికి సముద్రపు పెట్రోలు పోయించుకుందామని వెళ్లేవారు ఆ 4,200తో మామూలు పెట్రోలే పోయించుకోండి. ఎలాగూ ఇప్పుడు దానిలో ఐదో వంతు ఇథనాలే, మా పాత వృత్తివాళ్లు కాచిందే.

డబ్బు కట్టే ముందు మూడు అడగండి: రెండో రోజు పడవ ఎక్కిస్తారా, తెలుగు చెప్పేవారు ఉంటారా, ఫీజు రసీదు ఇస్తారా. మాకు మూడోది ఇప్పటికీ రాలేదు. ఫిబ్రవరి, మార్చి మంచి నెలలు. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా పాక్ అఖాతం వేరే సముద్రం. పాత చొక్కా, కాళ్లకు రబ్బరు చెప్పులు, తలకు తువ్వాలు తీసుకెళ్లండి. అడుగున గవ్వలు, రాళ్లు కోస్తాయి. నా ఎడమ మడమ మీద గీత మానడానికి మూడు వారాలు పట్టింది.